అడగని మాఫీ

పోలీసు జీపు ఇంటి ముందు ఆగితే ఎలా ఉంటుందో అరవై దాటేదాకా నాకు తెలియదు. మా తాత కాలంలో పోలీసు అమీన్ సాబు గుర్రం మీద వస్తే మా గడి గేటు బయటే దిగి, గుర్రాన్ని పట్టుకుని నడిచి లోపలికి వచ్చేవాడని ఇంట్లో చెప్పుకునేవారు. ఆ గడి, అంటే మా దొరల కోటలాంటి ఇల్లు, వడ్డేపల్లికి అవతల మా ఊళ్లో ఉండేది. ఇప్పుడు అక్కడ మొండిగోడలున్నాయి. టేకు స్తంభాలు ఎవరో కొనుక్కుపోయారు.

నేనూ మా అక్కా వనపర్తిలో ఒక ఎరువుల వ్యాపారి ఇంటి వెనుక రెండు గదుల్లో అద్దెకు ఉంటున్నాం. అక్క నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్దది. భర్త పోయాక నా దగ్గరకు వచ్చింది. నాకు పెళ్లి కాలేదు. ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పనిచేసి మానుకున్నాను. మాకు మిగిలిన ఆస్తి ఒక పాత మారుతి కారు.

కొన్నేళ్ల కిందట అక్క మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ అన్నారు. ప్రైవేటులో చేయించే స్తోమత మాకు లేదు. సర్కారు దవాఖానలో ఉచితంగా చేస్తారు. వనపర్తిలోనూ ఆ సౌకర్యం ఉంది, కానీ అక్క అక్కడికి రానంది. వనపర్తిలో అందరికీ మేమెవరిమో తెలుసు. అందుకని నాగర్‌కర్నూల్ దవాఖానకు వెళ్లేవాళ్లం. బిజినేపల్లి మీదుగా పోయి, సాయంత్రానికి తిరిగి వచ్చేవాళ్లం.

వెళ్లే ప్రతిసారీ అక్క గద్వాల పట్టుచీర కట్టేది. చేతిలో నరం కలిపి ఆపరేషన్ చేసిన చోట పెద్ద కాయలా ఉబ్బి ఉంటుంది. అది కనబడకుండా మోచేతి కిందిదాకా చేతులున్న రవిక వేసుకునేది. ఎవరడిగినా పెళ్లికి, లగ్గానికి పోతున్నామని చెప్పేది. ఇల్లుగలామె మంచి మనిషే కానీ నోరు ఊరుకోదు.

"ఏందమ్మా, మీ సుట్టాలల్ల ఆషాఢంల గూడ లగ్గాలు జేస్తరా?" అని ఒకరోజు అడిగింది.

"మాది పెద్ద సుట్టరికం. మేము సావుకు గూడ పట్టుచీరనే కట్టుకపోతం," అంది అక్క. ఆమె నవ్వుతూ లోపలికి పోయింది. అక్క నవ్వలేదు.

ఆ ఆషాఢంలోనే ఇది జరిగింది. ఆ రోజు అక్క ముఖం బాగా ఉబ్బింది. కాళ్లకు చెప్పులు పట్టలేదు. మాట మాటకూ ఆయాసపడుతోంది. నాగర్‌కర్నూల్ చేరేసరికి పెద్దరోడ్డు మీద ఏదో పార్టీ ఊరేగింపు, బండి కదలదు. ఆలస్యమైతే మిషన్ మీద వేరే రోగిని ఎక్కిస్తారు. పక్కన ఒక సందు ఉంది. అటునుంచి రావచ్చు, ఇటునుంచి పోకూడదు. బోర్డు కూడా ఉంది. నేను బోర్డు చూసి మరీ కారు తిప్పాను.

సందు మధ్యలో పోలీసులు నిలబడి ఉన్నారు. మా కంటే ముందు అదే తప్పుకు ఒక ఆటోను ఆపారు. ఆటో అతను తెలకపల్లి వైపు మనిషి, ముస్లిం, నా కంటే కొంచెం చిన్నవాడు. గడ్డం నెరిసింది. కానిస్టేబుల్ చలాన్ వేయడానికి మా కారు ఫోటో తీశాడు. నేను దిగి నిలబడ్డాను. చెప్పవలసింది చెప్పలేదు. మా ఇంట్లో మగవాళ్లకు అధికారి ముందు నోరు తెరిచి అడగడం రాదు. నిలబడతాం. ఎదుటివాడే తెలుసుకుని చేయాలి. నాకు అలవాటైన పద్ధతి అది.

ఎస్సై నడిచి వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయేమో. నన్ను తేరిపార చూసి మా ఊరి పేరు చెప్పాడు.

"ఆ ఊరి దొరలు గదా మీరు? మీ నాయిన పోలికలే. మా తాత మీ గడీల జీతానికుండె."

నేను తల ఊపాను. అతను వంగి కారు వెనుక సీటులోకి చూశాడు.

"అమ్మకు పానం మంచిగ లేనట్టుందే. దవాఖానకా?"

నేను నోరు విప్పేలోపు అక్క తల ఎత్తింది. "లగ్గానికి పోతున్నం," అంది.

అతను ఆమె ముఖాన్ని, పట్టుచీర అంచు కింద చెప్పుల్లేని పాదాలను చూశాడు. తరువాత కానిస్టేబుల్‌తో, "ఆ చలాన్ రద్దుకు రాయి. పోనీ దొరను," అన్నాడు.

ఆటో అతను రెండు చేతులూ పైకెత్తాడు. ఒక చేతిలో ఫోన్ ఉంది.

"వారెవ్వా సార్! గదే సందు, గదే తప్పు. నా బండేమో స్టేషన్‌కు, ఆయన బండేమో షాదీకా? ఆషాఢంల ఏం షాదీ సార్ అది? మాక్కూడ దావత్ జెప్పుండ్రి, ఒస్తం!"

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నేను కారెక్కి వెళ్లిపోయాను. అక్కను మంచం మీద పడుకోబెట్టి గొట్టాలు పెట్టాక బయటి బెంచీ మీద కూర్చున్నాను. నిజం చెప్పాలంటే నాకు ఆనందంగానే ఉంది. గడి పోయినా, ఊరు పోయినా, ఎక్కడో ఒక ఎస్సై మమ్మల్ని దొరా అన్నాడు. పాత విశ్వాసం ఇంకా బతికి ఉందనుకున్నాను. ఆ సాయంత్రం నేను ఛాతీ విరుచుకునే కారు నడిపాను.

మరునాడు ఇల్లుగలాయన ఫోన్ తెచ్చి చూపించాడు. ఆటో అతను మమ్మల్ని ఆపినప్పటి నుంచే ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు. వీడియోలో నేను కట్టెలా నిలబడి ఉన్నాను. కారు నంబరు స్పష్టంగా ఉంది. అక్క గొంతు కూడా వినిపిస్తోంది: లగ్గానికి పోతున్నం. కింద ఎవరో రాశారు: "లగ్గాలకు పోయే దొరలకు మాఫీ, పొట్టకూటి ఆటోలకు జుర్మానా."

"మీదే గద సార్ కారు?" అన్నాడు ఇల్లుగలాయన, మెల్లగా. ఆయన కళ్లలో జాలీ ఉంది, తమాషా కూడా ఉంది. ఫోన్ తిరిగి ఇచ్చేశాను.

అప్పటి నుంచి భయం మా ఇంట్లో మూడో మనిషిలా కూర్చుంది. ప్రతిపక్షంవాళ్లు నాగర్‌కర్నూల్‌లో ధర్నా చేశారు. చలాన్ రద్దు చేసే అధికారం ఎస్సైకి ఎవరిచ్చారు, ఏ నాయకుడు ఫోన్ చేశాడు, ఇంతవరకు ఎవరెవరివి రద్దు చేశారో బయటపెట్టాలన్నారు. అధికార పక్షంవాళ్లు అది ఒక ఉద్యోగి సొంత నిర్వాకం, అతన్ని సస్పెండు చేస్తే సరిపోతుందన్నారు. ఎస్సైని గురించి ఎవరికీ పట్టలేదు. పై అధికారులు అతని మీద విచారణ వేశారు; రెండు పక్షాల మధ్యా అతని ఉద్యోగం ఇరుక్కుంది.

వనపర్తిలో పొద్దున నేను టీ తాగే హోటల్‌లో కూడా ఇదే మాట. నేను గోడ వైపు తిరిగి కూర్చునేవాణ్ణి.

"పోలీసోనికి మాఫీ జేసే పవరే ఉండొద్దే," అన్నాడు ఒకతను.

"ఉండకుంటె ఎట్ల? కాన్పుకు పోయేదాన్ని గూడ ఆపి రాస్తవా?" అన్నాడు ఇంకొకతను.

"కాన్పైతే సరే. దొరసాని లగ్గానికి పోతుంటే?"

"అరె, దొరసానికే కాన్పేమో ఎవనికి తెలుసు!"

హోటల్ అంతా నవ్వింది. నేను టీ సగంలోనే వదిలి, డబ్బులిచ్చి బయటపడ్డాను.

మాఫీ చేసే పవరే ఉండొద్దన్న మాట గురించే ఆ రోజంతా ఆలోచించాను. మా గడిలో జుర్మానా వేసే చేయీ, మాఫీ చేసే చేయీ ఒకటే. మా నాయన ఎన్ని మాఫీలు చేశాడో ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. జుర్మానా కట్టినవాడు కట్టి ఇంటికి పోయేవాడు, మాఫీ పొందినవాడు మాత్రం వాకిట్లోనే తచ్చాడుతూ ఉండేవాడు. చిన్నప్పుడు నాకు అది కృతజ్ఞత అనిపించేది. ఇప్పుడు నేనే మాఫీ పొందినవాణ్ణి. ఏ చప్పుడైనా గేటు వైపు చూస్తున్నాను.

ముందు వచ్చింది అధికార పక్షం మనిషి. తెల్లబట్టలు, మెత్తటి మాట. కుర్చీ వేసేదాకా నిలబడే ఉన్నాడు.

"మీ వంటి ఖాందానీ మనుషులకు గిదేం పరేషాని పెద్దయ్యా. విచారణల ఒక్కటే మాట జెప్పుండ్రి. ఆ ఎస్సై ఎవరో నాకు తెల్వదు, నేను అడుగలే, ఆయనే జేసిండు అనుండ్రి. అబద్ధం గాదు గదా?"

"కాదు," అన్నాను.

"మరింకేంది! పాత బండి, కాగిదాలు గూడ సరిగ ఉన్నయో లేవో. ఎవలన్న గెలికితే మీకే కష్టం." నవ్వుతూనే అన్నాడు. నవ్వుతూనే వెళ్లిపోయాడు.

తరువాతి రోజు అవతలి పక్షం కుర్రాళ్లు మోటారు సైకిళ్ల మీద వచ్చారు. వాళ్లు కూర్చోలేదు. ఏ నాయకుడు ఫోన్ చేశాడో చెప్పమన్నారు. ఎవరూ చేయలేదన్నాను.

"తాతా, నీ చలాన్ ఉట్టిగనే గాలికి ఎగిరిపోయిందా? పేరు జెప్పు, నిన్ను ఇడిచిపెడ్తం. చెప్పకుంటె గా పట్టుచీర ముచ్చట ఇంకా నడుస్తది. ఏ లగ్గం, ఎవరి లగ్గం, మండపం యాడ, అన్ని తీస్తం."

వాళ్లు వెళ్లాక తలుపు గడియ పెట్టాను. అక్క లోపలి గదిలోంచి అంతా విన్నది.

"వాళ్లు తవ్వితే దవాఖాన దాక పోతరు," అన్నాను. "దానికన్న మనమే చెప్తే అయిపోతది అక్కా. రోగిని తీసుకపోతుంటిమి అంటే ఎస్సైకి తప్పు లేదు. అట్ల రద్దు జేసే అధికారం వాళ్లకుంది. లేకుంటె ఆ పిలగాని నౌకరి పోతది."

ఆమె మంచం మీద లేచి కూర్చుంది.

"నేను ధర్మ దవాఖానల పండుకుంటున్ననని ఆ పోరనికి తెల్వొద్దు. వానికి తెలిసిన దినమే నేను ఆ మిషన్ మంచం ఎక్కుడు బందు. నాయిన మీద ఒట్టు."

నేను చల్లబడిపోయాను. అక్క ఒట్టు పెడితే తప్పదు. దవాఖానలో ఒక నర్సమ్మ చెప్పిన సంగతి నా చెవుల్లో ఉంది. ఒకతను పొలం పనులని వరుసగా రాకుండా మానేశాడట. ఊపిరితిత్తుల్లో నీళ్లు నిండి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడట. నేను మాట్లాడితే అక్క పోతుంది. మాట్లాడకపోతే ఆ ఎస్సై ఉద్యోగం పోతుంది. దొరా అన్నందుకు అతనికి దక్కేది అదా?

జీపు వచ్చిన రోజు వాన పడుతోంది. కానిస్టేబుల్ తడుస్తూ నిలబడి, విచారణకు రమ్మన్నారని చెప్పి పోయాడు. అంతే. కానీ జీపు పోయాక కూడా ఇంజను చప్పుడు నా తలలో ఆగలేదు. వీధిలో కిటికీలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

విచారణ జరిగిన ఆఫీసు వరండాలో ఎస్సై గోడ పక్కన నిలబడి ఉన్నాడు. కూర్చోమని ఎవరూ అన్నట్టు లేదు. కొంచెం దూరంలో ఆటో అతను బెంచీ చివర ఉన్నాడు. అతన్నీ పిలిచారు. నేను ఎటు చూడాలో తెలియక వాన వైపు చూశాను. ఎస్సై దగ్గరకు వచ్చాడు.

"పరేషాన్ గాకుండ్రి దొరా. మీకు ఏది తోస్తే అది చెప్పుండ్రి. నా సంగతి నేను చూసుకుంట." కొంచెం ఆగి, "అమ్మకెట్లుంది?" అన్నాడు.

బాగుందన్నాను. అతను తల ఊపి మళ్లీ గోడ దగ్గరకు వెళ్లాడు.

లోపల అధికారి మర్యాదగానే మాట్లాడాడు. ఎవరితోనైనా ఫోన్ చేయించారా అని అడిగాడు. లేదన్నాను. ఎస్సైని ముందు ఎరుగుదురా? ఎరగను. రద్దు చేయమని అడిగారా? అడగలేదు.

"మరి ఎందుకు చేశాడు?"

నేను నిలబడ్డట్టే నిలబడ్డాను. ఫ్యాను తిరుగుతోంది. నా చొక్కా వీపుకు అంటుకుపోయింది. అక్క ముఖం, ఒట్టు పెట్టిన చేయి కనబడుతున్నాయి.

"పెద్దాయనా, మీరు ఊరుకుంటే నేను రాసుకునేది ఒకటే. కారణం లేకుండా రద్దు చేశాడని. తరువాత ఏం జరుగుతుందో మీకు తెలుసు."

తెలుసు. నోరు తెరిచాను. "ఆ దినం మేము లగ్గానికి పోలే. దవాఖానకు పోతుంటిమి. మా అక్కకు డయాలసిస్. సర్కారు దవాఖాన."

అధికారి కలం కింద పెట్టాడు. "అతనికి తెలుసా ఈ సంగతి?"

"మేము చెప్పలేదు."

"అతనూ డయాలసిస్ అని చెప్పలేదు. రోగి అనిపించింది సార్ అని మాత్రం అన్నాడు. అనిపిస్తే ఆ కారణమే రాయొచ్చు కదయ్యా, ఇంత గొడవ ఉండకపోవు కదా అన్నాను. 'ఆ అమ్మ లగ్గమని చెప్పింది సార్. ఆమె చెప్పింది కాదని నేనెట్ల రాయాలె' అన్నాడు." ఆయన నా వైపు ఒక క్షణం చూశాడు. "దవాఖానలో కనుక్కుంటాం. మీరు వెళ్లొచ్చు."

బయట ఆటో అతను నాకోసం లేచి నిలబడ్డాడు. తలుపు తెరిచే ఉంది. అంతా విన్నాడు.

"గా మాట సందులనే అంటె అయిపోవు గద సాబ్," అన్నాడు. కోపం లేదు, అలసట ఉంది. "పేషెంట్ ఉన్నదంటే ఆటో పక్కకు దీసి నేనే మీకు దారి ఇడిపిస్తుంటి. షాదీ అనేసరికి కడుపు మండింది. నా జుర్మానా నాకు పడ్డది, మాఫ్ గాలే. కాని మీ అక్క బీమారీ మీద జోకులేసిన చూడు, గది మంచిగనిపిస్తలేదు."

తప్పంతా మా వైపు ఉన్నప్పుడు ఏం మాట్లాడాలో మాకు నేర్పలేదు. చేయి చాపాను. అతను పట్టుకున్నాడు.

ఇంటికి వచ్చి అక్కకు చెప్పేశాను. దాచే ధైర్యం లేకపోయింది. ఆమె నన్ను తిట్టలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది.

తరువాతి డయాలసిస్ రోజు నేను కారు తుడిచి, ఇంజను వేసి, గేటు తెరిచి కూర్చున్నాను. ఆమె రాలేదు. లోపలికి వెళ్లి పిలిచాను. కదల్లేదు. ఇంజను ఆపాను. మధ్యాహ్నానికి ఆమె పడుకోలేక కూర్చుంది. కూర్చున్నా ఊపిరి అందడం లేదు. కాళ్లు నొక్కితే వేలు దిగబడి గుంట అలాగే ఉండిపోతోంది. గడప మీద కూర్చుని ఆమె ఛాతీ లేచి పడడం చూస్తూ ఉన్నాను. ఒక్కసారి ఆగినట్టయితే నా ఊపిరి ఆగేది. ఇల్లుగలామె వంటగది దాకా వచ్చి చూసి, ఏమీ అడగకుండా వెళ్లిపోయింది. ఆమెకు కూడా తెలిసిపోయిందని అర్థమైంది. ఇక దాచడానికి ఏమీ మిగలలేదు. అక్క మాత్రం పోతోంది.

"అక్కా," అన్నాను. "నాకు భయమైతుంది."

ఆమె కళ్లు తెరిచింది. "ఏమన్నవ్?"

"భయమైతుంది అక్కా. నువ్వు పోతే నేనొక్కన్నే ఉండలేను. పోలీసోళ్లకు భయపడ్డ, ఆ పోరగాళ్లకు భయపడ్డ. అన్నిటికన్న దీనికి భయమైతుంది."

ఆమె ముఖం కొంచెం సడలింది.

"మన ఇంట్ల మొగోని నోట్ల ఆ మాట నేనెన్నడు ఇనలే," అంది. ఆయాసం మధ్య ఒక నవ్వు లాంటిది వచ్చింది. "నాయిన ఉంటె నీ ఈపు పగులగొడుతుండె." తరువాత గోడ పట్టుకుని లేచింది. "బండి తియ్యి."

ఇంట్లో కట్టుకున్న చీరతోనే వచ్చింది. మార్చుకునే ఓపిక లేదు. బిజినేపల్లి దాటాం. నేను అద్దంలో ఆమెను చూస్తూ బండిని పరుగెత్తించాను.

"ఆ పోరని నౌకరి ఉన్నట్టేనా?" అని వెనకనుంచి అడిగింది.

"ఉంది. వేరే ఊరికి మారుస్తరట. ఇకమీద రద్దు జేసే పని ఎస్సై చేతిల ఉండదంటున్నరు. అందాక ఈడనే ఉంటడు."

ఆమె కొంతసేపు ఊపిరి కూడదీసుకుంది.

"వాళ్ల తాత సంగతి నీకెరికే లేదు తమ్మీ. నువ్వు చిన్నోనివి. ఆయన గొడ్లు మన చేన్ల పడ్డయని నాయిన జుర్మానా ఏసిండు. కట్టే శక్తి లేక కాళ్ల మీద పడ్డడు. నాయిన మాఫీ జేసిండు. ఆ మాఫీకి బదులు ఆయన బిడ్డెను గడీల పనికి పెట్టుకున్నడు."

అద్దంలోంచి ఆమె వైపు చూశాను.

"ఎంత పిల్ల?"

"నా ఈడుది. నా జడ ఆమెనే అల్లేది. ఈ పోరనికి మేనత్త, వాని ముఖం గూడ అచ్చం ఆమెదే." మళ్లీ ఊపిరి పీల్చుకుంది. "ఆమెకేమైందో అడుగకు. నేను చెప్ప. ఆ ఇంట్ల అందరికీ తెలుసు. వానికి గూడ తెలుసు. వాని ముఖంల చూసిన నేను. తెలిసే వంగి చూసిండు, తెలిసే అమ్మా అన్నడు. అందుకే వాని ముందర నాకు లగ్గమే నోట్లకొచ్చింది."

పాత విశ్వాసం అనుకుని ఛాతీ విరుచుకుని నడిపిన ఆ సాయంత్రం గుర్తొచ్చింది. మా నాయన మాఫీకి బదులు ఏం తీసుకున్నాడో తెలిసిన మనిషి, మాకు మాఫీ చేసి ఏమీ అడగలేదు. ఏదైనా అడిగి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

నాగర్‌కర్నూల్ వచ్చింది. బస్టాండు ముందు రద్దీగా ఉంది.

"యాడన్న ఎదురుపడితే వానితోని ఏం మాట్లాడాలె తమ్మీ?" అని అడిగింది అక్క. ఆమె గొంతులో కూడా ఇప్పుడు నా భయమే ఉంది.

కారు మెల్లగా నడుపుతూ, రోడ్డు మీద కనబడిన ప్రతి ఖాకీ చొక్కా ముఖం వైపూ చూస్తూ దవాఖాన దాకా వెళ్లాను.